కట్టడానికీ దండెత్తడానికీ అదును: చంద్రగుప్తుడితో సివిలైజేషన్ 6 ఆడేవారికి

ప్రొద్దుటూరు నుంచి మీరు రాసిన ప్రశ్నను, చదివేవారందరికీ అర్థమయ్యేలా ముందుగా నా మాటల్లో చెబుతాను. సివిలైజేషన్ 6 ఒక నాగరికతను నిర్మించి నడిపించే కంప్యూటర్ ఆట. దాన్ని గ్యాదరింగ్ స్టార్మ్ అనే విస్తరణతో కలిపి, కింగ్ అనే కష్ట స్థాయిలో, చంద్రగుప్తుడిని తీసుకుని మీరు రెండు ఆటలు ఆడారు. మొదటి ఆటలో 120వ టర్న్ (వంతు) దాకా వండర్ల (ప్రపంచ అద్భుత కట్టడాల) మీద వండర్లు కట్టుకుంటూ పోతే పొరుగు రాజు వచ్చి రెండు నగరాలు పట్టుకుపోయాడు. రెండో ఆటలో మొదటి నుంచీ సైన్యాన్నే పెంచి ఒక నగరం గెలిచారు. అది కొద్ది టర్న్‌లకే తిరగబడి చేజారింది, ఖజానా అప్పుల్లోకి జారి యూనిట్లు, అంటే సైనిక దళాలు, ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. ఇప్పుడు మూడో ఆటలో 52వ టర్న్‌లో ఉన్నారు. మూడు నగరాలున్నాయి. తూర్పున గోడలు లేని రెండు నగరాలతో ఒక పొరుగువాడు, ఉత్తరాన కొండల వెనక గోడలు కట్టుకున్న మరొకడు ఉన్నారు. తూర్పు సరిహద్దు నగరంలో పిరమిడ్ల పని సగం దాకా వచ్చింది. ప్రొడక్షన్‌లో, అంటే నగరాలు ప్రతి టర్న్ ఇచ్చే ఉత్పత్తిలో, ఎంత శాతం కట్టడాలకు, ఎంత శాతం సైన్యానికి పెట్టాలన్నది మీ ప్రశ్న.

ఈ ఆట 2016 అక్టోబరులో వచ్చింది. ఆనాటి నుంచీ కర్నూలులో పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట దీన్ని ఆడుతున్నాను. మొదటి రెండేళ్లు నేను కూడా ఆ శాతం కోసమే వెతికాను. ప్రతి టర్న్‌లోనూ సగం ఇటు, సగం అటు పెట్టి చూశాను. మూడోవంతు పెట్టి చూశాను. ఏ లెక్కలో ఆడినా చేతిలో మిగిలింది ఒక్కటే: నగరాన్ని గెలవడానికి చాలని సైన్యం, సైన్యం తిన్న ఖర్చు వల్ల ఆలస్యమైన లైబ్రరీలు. శాతం అన్న ఆలోచనలోనే పొరపాటు ఉందని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మన రాయలసీమలో వేరుశెనగ వేసే రైతు సంవత్సరమంతా రోజుకు కొంచెం విత్తుతూ కూర్చోడు. అదును వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చేలోనే ఉంటారు, అదును దాటితే విత్తనం ముట్టుకోరు. ఈ ఆటలో యుద్ధం కూడా అలాంటిదే. దానికి ఒక అదును ఉంటుంది. ఆ అదును దాకా చేసే నిర్మాణమంతా దాని కోసమే జరగాలి, అదును ముగిసిన మరుటి టర్న్ నుంచి జరిగే నిర్మాణమంతా గెలిచినదాన్ని నిలబెట్టుకోవడానికే జరగాలి.

అదును ఎక్కడ ఉందో చెప్పేది లెక్కే కాబట్టి, ఆట ప్రమాణ వేగానికి (స్టాండర్డ్ స్పీడ్‌కు) సంబంధించిన అంకెలతో మీ ఆటనే తీసుకుంటాను. కొత్త నగరాన్ని స్థాపించే సెట్లర్ అనే యూనిట్‌లో మొదటిదాని ఖరీదు 80 ప్రొడక్షన్. ఆ తర్వాత తయారుచేసే ప్రతి సెట్లర్‌కూ 30 చొప్పున పెరుగుతుంది. మీరు ఇప్పటికే ఇద్దరిని చేశారు కాబట్టి మూడోది 140, నాలుగోది 170, రెండూ కలిపి 310. పైగా ప్రతి సెట్లర్ తాను పుట్టిన నగరం నుంచి ఒక జనాభాను తీసుకుపోతుంది, ఆ రెండు కొత్త నగరాలు ఒక్కొక్క జనాభాతో, ఖాళీ నేల మీద మొదలవుతాయి. ఇక భారతదేశపు ప్రత్యేక యూనిట్ పేరు ‘వారు’ (Varu), అంటే యుద్ధపుటేనుగు. దాని ఖరీదు 120. మిలిటరీ ట్రెడిషన్ అనే సివిక్‌తో (సంస్కృతితో సాధించే ముందడుగుతో) వచ్చే మెనూవర్ అనే పాలసీ కార్డు, అంటే ప్రభుత్వ విధానం, పెట్టుకుంటే ప్రాచీన, క్లాసికల్ యుగాల అశ్వదళ వర్గపు యూనిట్ల తయారీకి 50 శాతం అదనపు ప్రొడక్షన్ దొరుకుతుంది. ఏనుగు కూడా ఆ వర్గంలోనే ఉంది కాబట్టి ఒక్కొక్కటీ మీకు 80కే వచ్చినట్టవుతుంది. నాలుగు ఏనుగులకు 320. అంటే మీ 52వ టర్న్ దగ్గర రెండు సెట్లర్లూ నాలుగు ఏనుగులూ దాదాపు ఒకే ధరలో నిలబడి ఉన్నాయి. కాలనైజేషన్ కార్డు పెడితే సెట్లర్లూ చౌకవుతాయన్నది నిజమే. అయితే ఆ సెట్లర్లు దిగడానికి మంచి ఖాళీ నేల మిగిలి ఉండాలి. మీరు పంపిన చిత్రంలో నాకు అలాంటి చోటు ఒక్కటే, అదీ నీళ్లు లేని చోటు, కనిపించింది. ఏనుగులు గెలిచే నగరాలకు మాత్రం జనాభా, పొలాలు, ఒకటో రెండో డిస్ట్రిక్ట్‌లు (నగరానికి చేర్చే ప్రత్యేక విభాగాలు) ముందే ఉంటాయి. ఏనుగులు ఆ తర్వాతా మీ దగ్గరే ఉంటాయి.

ఖాళీ నేల దొరికినంతకాలం సెట్లరే చౌక. మొదటి రెండు సెట్లర్లను ఆపి సైన్యం కట్టడం దాదాపు ఎప్పుడూ నష్టమే. నేల అయిపోయి, సెట్లర్ ధర ఎక్కిపోయి, పొరుగువాడి నగరాలకు ఇంకా గోడలు లేని ఆ కొద్ది కాలమే దండయాత్రకు అదును. మీ రెండో ఆటలో మీరు సెట్లర్ల కంటే ముందే సైన్యం మొదలుపెట్టారు, అందుకే ఆ సైన్యాన్ని పోషించే నగరాలే మీకు లేకపోయాయి.

గోడల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అదును మూసుకుపోయేది వాటితోనే. గోడలు లేని నగరం తన మీదికి వచ్చిన సైన్యం మీద బాణాలు వేయలేదు. ప్రాచీన గోడలు కేవలం 80 ప్రొడక్షన్‌తో పూర్తవుతాయి, అవి లేచిన మరుక్షణం నుంచి నగరం దూరం నుంచే కొట్టగలుగుతుంది, దగ్గరి యూనిట్ల దెబ్బలో చాలా భాగాన్ని గోడలు మింగేస్తాయి. గోడలను బద్దలుకొట్టే బ్యాటరింగ్ రామ్ పదాతి దళానికి, ఈటెల దళానికి మాత్రమే సాయపడుతుంది, ఏనుగులకు సాయపడదు. కాబట్టి ఉత్తరాన కొండల వెనక ఉన్న గోడల నగరాల జోలికి ఇప్పుడు ఏనుగులతో వెళ్లకండి. కాటాపుల్ట్‌లు, అంటే రాళ్లు విసిరే యంత్రాలు, వచ్చాక వాటి సంగతి వేరేగా చూసుకోవచ్చు. మీరు దాడి చేస్తే అది తూర్పు వైపే జరగాలి, అతడి గోడలు లేవకముందే జరగాలి.

ఇక చంద్రగుప్తుడి ప్రత్యేక బలం ఈ అదును ఆలోచనకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మిలిటరీ ట్రైనింగ్ సివిక్ పూర్తి కాగానే అతడు భూవిస్తరణ యుద్ధం, అంటే వార్ ఆఫ్ టెరిటోరియల్ ఎక్స్‌పాన్షన్, ప్రకటించవచ్చు. మిగతా నాయకులకు అది చాలా ఆలస్యంగా దొరుకుతుంది. ప్రకటించిన నాటి నుంచి పది టర్న్‌ల పాటు అతడి యూనిట్లకు రెండు అడుగుల అదనపు కదలిక, 5 అదనపు బలం ఉంటాయి. పది టర్న్‌లు మాత్రమే. ఈ ఆటలో యుద్ధం మొదలయ్యాక పది టర్న్‌లు గడిచేదాకా సంధి కూడా కుదరదు. అంటే మీ బలం ముగిసే సమయమూ, సంధికి తలుపు తెరుచుకునే సమయమూ ఒకటే. నేను ఈ పది టర్న్‌లనే యుద్ధం మొత్తంగా భావించి, పదకొండో టర్న్‌న సంధి చేసుకునేలా ముందే నిర్ణయించుకుని దిగుతాను.

ఆ పది టర్న్‌లలో ఏనుగు ఏమి చేయగలదో లెక్క చూడండి. రెండు యూనిట్ల బలం సమానమైతే ఒక దెబ్బకు ఎదుటి యూనిట్ ఆరోగ్యం 100లో సగటున 30 పోతుంది. బలంలో ప్రతి 17 తేడాకూ ఆ దెబ్బ సుమారు రెట్టింపవుతుంది. ఏనుగు బలం 40, యుద్ధపు అదనం 5 కలిపితే 45. వారియర్ (ఆట మొదట్లో దొరికే పదాతి దళం) బలం 20, అయితే పక్కనే ఏనుగు ఉండటం వల్ల 5 తగ్గి 15. తేడా 30. ఆ తేడాతో ఒక్క దెబ్బకు దాదాపు 100 పోతుంది, ఎదురుదెబ్బ పదికి లోపే ఉంటుంది. కొద్దిపాటి అదృష్టం ఇటూ అటూ ఉన్నా ఆ వారియర్ ఆ టర్న్‌లోనే పోతాడు. ఈటెల దళం మాత్రం జాగ్రత్తగా చూడవలసినది: దాని బలం 25, అశ్వదళం మీద మరో 10 కలుస్తుంది. దాన్ని ఏనుగుతో ఎదుర్కోకుండా మీ ఆర్చర్లతో (విలుకాళ్లతో) ముందు బలహీనపరచండి. నాలుగు ఏనుగులతో పాటు ఇద్దరు ఆర్చర్లు తప్పనిసరి అని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

యుద్ధానికి ముందు జరగాల్సిన నిర్మాణం ఎలా ఉండాలన్నది మీ ప్రశ్నలో అసలైన భాగం. పొలం దున్నడానికి ముందే ఎడ్లు, నాగలి, విత్తనం సిద్ధంగా ఉన్నట్టు, ఆ పది టర్న్‌లు మొదలయ్యేలోపు కొన్ని పనులు ముగిసి ఉండాలి. మొదటిది ఆదాయం. చాలా యూనిట్లకు ప్రతి టర్న్ జీతం పడుతుంది. ఖజానా అప్పులోకి పోతే సైన్యం దానంతట అదే కరిగిపోతుంది, మీ రెండో ఆటలో జరిగింది ఇదే. కాబట్టి ఏనుగులకంటే ముందు ఒక కమర్షియల్ హబ్‌కు (వాణిజ్య డిస్ట్రిక్ట్‌కు) పునాది వేసి, ఒక వ్యాపార మార్గం నడిపించండి. డిస్ట్రిక్ట్ ధర మీ సాంకేతిక ప్రగతితో పాటు పెరుగుతూ పోతుంది గానీ, పునాది వేసిన రోజు ధరే దానికి స్థిరపడిపోతుంది. నగరంలో జనాభా 1, 4, 7, 10 చేరినప్పుడల్లా కొత్త డిస్ట్రిక్ట్‌కు చోటు దొరుకుతుంది. ఆ రోజునే పునాది వేసి వదిలేసి, నిర్మాణాన్ని యుద్ధం తర్వాతికి వాయిదా వేయవచ్చు. ఏనుగులు కడుతున్న కాలంలోనూ కట్టడం ఆగకుండా ఉండడానికి ఇది నాకు తెలిసిన మంచి ఉపాయం.

రెండోది తిండి. భారతదేశానికే దొరికే దిగుడు బావి నగరానికి తిండినీ నివాసాన్నీ పెంచుతుంది, పొలం పక్కన పెడితే మరింత తిండి ఇస్తుంది. గ్యాదరింగ్ స్టార్మ్‌లో కరువు వచ్చినప్పుడు ఆ చోట తిండి పోకుండా కాపాడుతుంది. అనంతపురం, కడప జిల్లాల్లో పెరిగినవారికి దాని విలువ నేను వేరే చెప్పనక్కరలేదు. ఒక్కో బిల్డర్‌కు (పొలాలూ గనులూ కట్టే పనివాడికి) మూడు పనులే ఉంటాయి కాబట్టి, యుద్ధానికి ముందు చేసే బిల్డర్‌తో రెండు దిగుడు బావులు, ఒక గుర్రాల పచ్చిక చేయించండి.

ఇప్పుడు మీ పిరమిడ్ల సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దానికి మూలం మన కడప జిల్లాలోనే ఉంది. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనం చెబుతుంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా అందులో చెక్కించారు. గట్టు నుంచి నీరు కారడం, చవుడు నేల లాంటి దోషాల వరుసలోనే, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం కూడా ఒక దోషంగా చెప్పారు. నీటి పనిలో ఆరితేరినవారు మట్టి దోషంతో సమానంగా సరిహద్దు దోషాన్ని లెక్కించారు. ఈ ఆటలో ఏ వండర్ విషయంలోనూ నేను ఆ సూత్రాన్ని దాటను. నగరం పడిపోతే అందులోని వండర్ గెలిచినవాడిదే అవుతుంది. మీ మొదటి ఆటలో స్టోన్‌హెంజ్, పిరమిడ్లు రెండూ సరిహద్దు నగరంలోనే కట్టారు. వాటి ఖరీదు 180, 220, కలిపి 400. మెనూవర్ కార్డు లెక్కన అది సరిగ్గా ఐదు ఏనుగుల ఖరీదు. ఆ ఐదు ఏనుగులు మీ దగ్గర లేకపోవడం వల్లనే ఆ రెండు వండర్లు పొరుగువాడి చేతికి వెళ్లాయి.

అందుకని వండర్లే వద్దని నేను అనను. పిరమిడ్లు ప్రతి బిల్డర్‌కూ ఒక అదనపు పని ఇస్తాయి. ఆరు నగరాలున్నప్పుడు దాని విలువ మూడు నగరాలున్నప్పటి కంటే చాలా ఎక్కువ. వండర్లను యుద్ధం తర్వాత, సరిహద్దు ముందుకు జరిగి పాత సరిహద్దు నగరం లోపలి నగరంగా మారాక కట్టాలన్నదే నా మాట. మీ పిరమిడ్ల పనిని ఆపితే పెట్టిన ప్రొడక్షన్ ఎక్కడికీ పోదు, వరుసలో అలాగే ఉంటుంది. ఈలోపు మరెవరైనా కట్టేస్తే ఆ అవకాశం పోతుందన్నది నిజం. ఆ నష్టానికి సిద్ధపడటం ఈ నిర్ణయంలో భాగమే.

యుద్ధం నడిపే తీరు గురించి రెండు మాటలు చాలు. ముందుగా పొరుగువాడిని బహిరంగంగా నిరసించి ఐదు టర్న్‌లు ఆగాలి. అప్పుడే భూవిస్తరణ యుద్ధానికి హక్కు వస్తుంది, హఠాత్తుగా మీద పడినప్పటికంటే ఇతర రాజుల ఆగ్రహం కూడా తగ్గుతుంది. ఆ ఐదు టర్న్‌లలో సైన్యాన్ని సరిహద్దు గీత దాకా నడిపించి ఆపి ఉంచండి. నగరాన్ని చుట్టూ ముట్టడించండి. అన్ని వైపులా మీ ఆధీనంలో ఉంటే ఆ నగరం గాయాలు మాన్పుకోలేదు. గండికోట చూసినవారికి పెన్నా లోయ అంచున ఆ కోట లోపల అంత పెద్ద ధాన్యాగారం ఎందుకు కట్టారో తెలుసు: ముట్టడిలో నిలబడేది లోపలి నిల్వే, ఆటలోనూ అంతే. ఇంకొకటి, సైన్యం మొత్తాన్ని ఎప్పుడూ బయటికి పంపకండి. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగర సైన్యం ఓడిపోయిన తర్వాత రాజధానిని కాపాడే బలం లోపల మిగలలేదు. తిరుమలరాయలు ఖజానాను తీసుకుని పెనుకొండకు వెళ్లవలసి వచ్చింది. మీ ఉత్తరాన ఉన్న రాజు ఈ సమయం కోసమే చూస్తుంటాడు. ఉత్తరపు నగరంలో ఒక ఆర్చర్‌ను, వీలైతే గోడలను, ఉంచి తూర్పుకు కదలండి.

గెలిచిన నగరం చేజారడం గురించి మీరు ఎక్కువ బాధపడ్డారని మీ మాటల్లో తెలిసింది, నేనూ అదే చోట చాలాసార్లు దెబ్బతిన్నాను. ఆటలో ప్రతి నగరం మీదా తొమ్మిది గడుల దూరం దాకా ఉన్న నగరాల జనాభా ఒత్తిడి పడుతుంది, దూరం పెరిగే కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. మీరు ఒక్క నగరాన్నే గెలిచి ఆగితే, పక్కనే ఉన్న అతడి మిగతా నగరాల జనం దాన్ని అటే లాగుతారు. మీ రెండో ఆటలో మీ సైన్యం ఎంత పెద్దదైనా ఆ నగరం నిలవకపోవడానికి కారణం ఇదే. కాబట్టి రెండు నగరాలనూ వెంటవెంటనే తీసుకోవాలి, వీలైతే జనాభా ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీసుకోవాలి. అప్పుడు ఒత్తిడికి మూలమే మీ చేతికి వస్తుంది. నగరం పడగానే ఒక గవర్నర్‌ను అక్కడికి పంపండి, ఆయన వల్ల లాయల్టీ, అంటే నగరం మీ పట్ల చూపే విధేయత, ప్రతి టర్న్ 8 పెరుగుతుంది. మామూలు గవర్నర్లకు స్థిరపడటానికి ఐదు టర్న్‌లు పడుతుంది, విక్టర్ అనే గవర్నర్‌కు మూడే. ఈ యుద్ధానికి ముందే విక్టర్‌ను నియమించుకుని ఉండటం నా అలవాటు. గెలిచిన నగరంలో మొదట కట్టవలసినది లైబ్రరీ కాదు, మాన్యుమెంట్. అది కూడా లాయల్టీకి సాయపడుతుంది. ఒక యూనిట్‌ను లోపల కాపలా ఉంచి లిమిటానై కార్డు పెడితే మరో 2 కలుస్తుంది. యుద్ధంలో పాడైన పొలాలనూ గనులనూ బిల్డర్ బాగుచేస్తే అతడి పనుల లెక్కలోంచి ఏమీ తగ్గదు, కాబట్టి ఒక బిల్డర్‌ను సైన్యం వెనకే నడిపించండి.

సంధి రోజున గెలిచిన నగరాలను వదులుకునేలా అతడిచేత ఒప్పందంలో రాయించుకోవడం మరచిపోవద్దు. ఆ తర్వాత పాతిక, ముప్పై టర్న్‌లు దండయాత్ర ఆలోచన పూర్తిగా పక్కన పెట్టండి. ఒక్కో విలాస వస్తువు నాలుగు నగరాలకే అమెనిటీ (ప్రజల సౌఖ్యం) ఇస్తుంది కాబట్టి, ఐదో నగరం చేరగానే ప్రజల సంతోషం తగ్గడం కనిపిస్తుంది. గెలిచిన నేలలోని కొత్త విలాస వస్తువును ముందు అందుబాటులోకి తెచ్చుకోండి. క్యాంపస్‌లు (విజ్ఞాన డిస్ట్రిక్ట్‌లు), పునాది వేసి ఉంచిన కమర్షియల్ హబ్‌లు, దిగుడు బావులు, మీరు ఇష్టపడే వండర్లు, అన్నీ ఈ కాలంలోనే. ఏనుగులను రద్దు చేయకండి. సరిహద్దు నగరాల్లో కాపలా ఉంచితే పొరుగువాళ్లు మీ బలాన్ని చూసి వెనక్కి తగ్గుతారు.

మీ 52వ టర్న్ దగ్గరికే వస్తాను. మీరు పంపిన చిత్రం ప్రకారం హార్స్‌బ్యాక్ రైడింగ్, మిలిటరీ ట్రెడిషన్ మీకు పూర్తయ్యాయి, మిలిటరీ ట్రైనింగ్‌కు ఇంకా తొమ్మిది టర్న్‌లు పడుతుంది. మూడు నగరాలూ కలిపి టర్న్‌కు సుమారు 24 ప్రొడక్షన్ వస్తోంది. నాలుగు ఏనుగుల 320కి పద్నాలుగు టర్న్‌లు పడుతుంది. పిరమిడ్లను ఇవాళే ఆపండి. మెనూవర్ కార్డు పెట్టి మూడు చోట్లా ఏనుగులు మొదలుపెట్టండి. అడవి ఉన్న రాజధానిలో బిల్డర్‌తో రెండు చెట్ల గడులు నరికిస్తే రెండు మూడు టర్న్‌లు కలిసొస్తాయి. 60వ టర్న్‌కు తూర్పు రాజును నిరసించండి, 66వ టర్న్‌కు యుద్ధం ప్రకటించండి. 60వ టర్న్‌కు అతడి రెండు నగరాల్లోనూ గోడలు లేచాయని కనిపిస్తే మాత్రం నిరసన పంపకండి. మూడో ఏనుగుతోనే ఆపేసి, పిరమిడ్ల పని తిరిగి మొదలుపెట్టి, ఆ నీళ్లు లేని చోట సెట్లర్‌తో నాలుగో నగరం పెట్టి, పక్కనే ఒక ఆక్వడక్ట్ (నగరానికి నీరు తెచ్చే కాలువ) కట్టుకోండి. 76వ టర్న్‌న సంధి అయ్యాక ఆట ఎలా ఉందో మరో చిత్రం పంపితే, ఉత్తరపు గోడల సంగతి అప్పుడు చూద్దాం.